పరీక్షలో బుర్ర ఖాళీ అవుతోందంటే కోర్సు మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. ఇంట్లో అడిగితే అన్నీ చెబుతుంది. పరీక్ష హాల్లో కూర్చోగానే బుర్ర ఖాళీ అయిపోతోందంటోంది. పరీక్ష రోజు పొద్దున్నే కడుపునొప్పి. రాత్రి ఒంటిగంట దాకా చదువుతుంది, అయినా మార్కులు తగ్గుతున్నాయి. ‘నాకు సైన్స్ రాదు, కోర్సు మార్పించండి’ అని ఏడుస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ నిర్ణయాన్ని ఆరు వారాలు పక్కన పెట్టండి. ఇప్పుడు వస్తున్న మార్కుల్లో సబ్జెక్టు రాకపోవడం ఎంతో, భయం ఎంతో, నిద్రలేమి ఎంతో విడదీయకుండా కోర్సు గురించి ఏం తేల్చినా అది ఊహే అవుతుంది.

ముందు ఈ చిన్న పని చేయండి. ఈమధ్య మార్కులు తగ్గిన పేపర్ ఒకటి తీయండి. ఒక సెలవు రోజు, బాగా నిద్రపోయి లేచాక, పుస్తకం లేకుండా, టైం పెట్టకుండా మళ్లీ రాయమనండి. తర్వాత రెండు జవాబుపత్రాలూ పక్కపక్కన పెట్టి, పరీక్షలో తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కనా ఒక గుర్తు వేయించండి. ఇప్పుడు కూడా రానివాటికి ‘రా’, ఇప్పుడు సరిగ్గా చేసి అప్పుడు తడబడినవాటికి ‘త’, అప్పుడు టైం చాలక వదిలేసినవాటికి ‘టై’. ఆ గుర్తులు తనే వేయాలి, మీరు వేస్తే అది మరో పరీక్ష అయిపోతుంది. ‘త’లు ఎక్కువుంటే సమస్య సైన్స్ కాదు.

తడబాటు ఎందుకొస్తుందంటే, లెక్క చేసేటప్పుడు మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేవి మహా అయితే నాలుగైదు విషయాలు. ‘ఫెయిలైతే? ఇంట్లో ఏమంటారు?’ అన్న ఆలోచనలు అందులోనే చోటు ఆక్రమిస్తాయి. అందుకే ఫార్ములా గుర్తున్నా మూడో స్టెప్పులో మైనస్ గుర్తు జారిపోతుంది. కడుపునొప్పి కూడా నటన కాదు. భయపడినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ గుండె వేగం పెంచి, రక్తాన్ని కండరాల వైపు మళ్లిస్తుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. అయితే పరీక్షలు లేని రోజుల్లోనూ నొప్పి వస్తున్నా, నిద్రలోంచి లేపుతున్నా, బరువు తగ్గుతున్నా డాక్టర్‌కి చూపించాలి.

ఇక ఒంటిగంట దాకా చదవడం. మార్కులు తగ్గడానికి ఇదొక్కటే చాలు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి త్వరగా నిద్ర పట్టకపోవడం బద్ధకమో మొండితనమో కాదు. ఒక్కసారిగా పదింటికే పడుకోమంటే మంచం మీద దొర్లుతుందంతే. పడుకునే టైంని రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున ముందుకు జరపండి. లేచే టైం మాత్రం సెలవుల్లో కూడా గంటకు మించి మారకూడదు. కాఫీ మధ్యాహ్నంతోనే ఆపేయాలి. సాయంత్రం ఐదింటికి తాగిన కాఫీలో కెఫీన్ రాత్రి పదింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది.

‘ఇంట్లో అన్నీ చెబుతుంది’ అన్నారు. ఎప్పుడు? పుస్తకం మూసిన పది నిమిషాలకైతే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. చదివిన పేజీ తెలిసినట్టే అనిపించడం వేరు, తెల్లకాగితం మీద రాయగలగడం వేరు. ఒక పాఠం చదివాక మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత ఒకసారి, పుస్తకం తెరవకుండా పది నిమిషాలు గుర్తున్నంత రాయాలి. ఆ తర్వాతే పుస్తకం తీసి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో చేర్చుకోవాలి. రెండో వారం నుంచి వారానికి రెండుసార్లు గడియారం పెట్టి అరగంట పేపర్ రాయించండి, క్రమంగా పూర్తి టైంకి పెంచండి. గడియారం భయం గడియారం ముందు కూర్చుంటేనే పోతుంది.

హాల్లో బుర్ర ఖాళీ అయిందనిపిస్తే పెన్ను కింద పెట్టాలి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. ఇలా ఆరుసార్లు, ఒక్క నిమిషం. ఊపిరి వదిలేటప్పుడు గుండె సహజంగానే నెమ్మదిస్తుంది. చాలామంది గట్టిగా, గబగబా పీలుస్తారు, దాంతో తల తిరుగుతుంది. ఇది ఇంట్లో రోజూ రెండు పూటలా అలవాటైతేనే హాల్లో అక్కరకొస్తుంది. ఆ తర్వాత ఆగిపోయిన ప్రశ్న దగ్గరే కూర్చోకుండా బాగా వచ్చినదాన్ని మొదలుపెట్టాలి.

మీ వైపు నుంచి రెండే కోరతాను. పరీక్ష నుంచి రాగానే ‘ఎలా రాశావ్?’ అని అడక్కండి, ముందు అన్నం పెట్టండి. మార్కులు తగ్గాయని ఆడుకునే టైం కోసి ట్యూషన్ చేర్చకండి. ఈ వయసులో రోజూ గంటసేపు ఆటో, చురుకైన నడకో ఉండాల్సిందే. ఒత్తిడి దిగే దారి అదే.

దిగులు రెండు వారాలు దాటినా, ఇష్టమైనవి కూడా వదిలేసినా, తిండీ నిద్రా బాగా మారిపోయినా మానసిక వైద్యుల్ని కలవండి. ‘నేను లేకపోతేనే నయం’ లాంటి మాట వస్తే ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకెళ్లండి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

ఆరు వారాల తర్వాత కొత్త పేపర్‌కి కూడా ‘రా’, ‘త’, ‘టై’ గుర్తులు వేయించండి. ‘త’లు తగ్గి మార్కులు పెరిగితే కోర్సు అలాగే ఉంచండి. నిద్ర సరిపోయినా, ప్రశాంతంగా రాసినా ఒకే సబ్జెక్టులో ‘రా’లు నిలిచిపోతే, ఆ పునాది పాఠాలకు ఇంకో రెండు నెలలు ఇవ్వండి. అప్పటికీ రాక, ఆ సబ్జెక్టు మీద తనకు ఇష్టమూ లేకపోతే మార్చడం సబబే. ఆ మాట మాత్రం పరీక్షల వారంలో కాకుండా, తను తీరిగ్గా ఉన్న రోజు, ‘ఏది చదువుతుంటే నీకు టైం తెలీదు?’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి.