టెక్ సందేహాలు: చెన్నై నుంచి ఊటీకి రైలే లేదంటోంది యాప్!

ప్రశ్న (అన్నానగర్ పాఠకురాలు): పిల్లలతో ఊటీ కొండ రైలు ఎక్కాలని మా ప్లాన్. యాప్‌లో చెన్నై నుంచి ఊటీకి వెతికితే ఒక్క బండీ చూపించడం లేదు. కూనూరు నుంచి మాత్రం సీట్లున్నాయి. అవి తీసేసుకోనా?

ఆగండి, డబ్బులు కట్టేయకండి. యాప్ చెప్పింది నిజమే. చెన్నై నుంచి కొండ కింది మెట్టుపాళయం స్టేషన్ దాకా ఉన్నది 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్. అక్కడి నుంచి కొండెక్కేది 1,000 మిల్లీమీటర్ల మీటర్‌గేజ్. ఇక నేరుగా వెళ్లే బండి ఎలా ఉంటుంది? టికెట్లు రెండు విడివిడిగా తీయాలి. సెంట్రల్‌లో రాత్రి తొమ్మిది దాటాక బయలుదేరే 12671 నీలగిరి ఎక్స్‌ప్రెస్‌కి ఒకటి, ఉదయం 7.10కి మెట్టుపాళయంలో కదిలే కొండ రైలు 56136కి ఇంకొకటి. రైల్వే లెక్కల్లో ఊటీ పేరు ఉదగమండలం, కోడ్ యూఏఎం. మెట్టుపాళయం ఎంటీపీ. పాత వీడియోలు చూసి 06136 అని కొడితే ఏమీ రాదు, 2025 జనవరి నుంచి ప్యాసింజర్ నంబర్ల ముందు సున్నా తీసేశారు.

కూనూరు సీట్ల సంగతి. జనం ఫొటోల్లో చూసి మోజుపడేదంతా కొండదారిలో వచ్చే కళ్లార్, కూనూరు స్టేషన్ల మధ్యే ఉంటుంది. అక్కడ 12 అడుగులు నడిస్తే ఒక అడుగు పైకెక్కేంత ఏటవాలు. మామూలు చక్రం జారిపోతుంది కాబట్టి రెండు పట్టాల నడుమ పళ్ల పట్టీ వేశారు. ఇంజను కింది పళ్ల చక్రం దాన్ని పట్టుకుని కదులుతుంటే, ఆవిరి ఇంజను వెనక నుంచి బోగీలను పైకి నెడుతుంది. కూనూరు దాటాక పళ్ల పట్టీ లేదు, లాగేది డీజిల్ ఇంజను. అంటే కూనూరు నుంచి ఎక్కితే టీ తోటలు కనిపిస్తాయి గానీ అసలు సరుకు దాటిపోయినట్టే. ఎక్కే బండిలో దొరక్కపోతే మధ్యాహ్నం 2 గంటలకు ఊటీలో బయలుదేరే 56137 చూడండి. అదే దారి, అదే పళ్ల పట్టీ. ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు పడితే దిగడానికి మూడున్నర. చిన్నపిల్లలుంటే నా ఓటు దిగే బండికే.

బుకింగ్ 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. మీ ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ముందు రోజే పూర్తి చేసి పెట్టుకోండి, లేకపోతే బుకింగ్ తెరిచిన ఆ మొదటి రోజు మీది కాదు. వెయిటింగ్‌లో ఉన్న ఈ-టికెట్ చార్ట్ వేశాక దానంతటదే రద్దవుతుంది, దాంతో బండెక్కకూడదు. ఉదయం బండి కాబట్టి చార్ట్ ముందు రాత్రికే పడుతుంది. మీరేమో అప్పటికి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కే హడావుడిలో ఉండొచ్చు!

ఇంకొక పని చాలామంది చేయరు: రెండు పీఎన్‌ఆర్‌లను (టికెట్ మీది పది అంకెల నంబర్లను) కలపడం. నీలగిరి ఎక్స్‌ప్రెస్ వచ్చేది ఆరుంపావు ప్రాంతంలో. గంట ఆలస్యమైతే కొండ రైలు వెళ్లిపోయినట్టే. ఐఆర్‌సీటీసీలో కనెక్టింగ్ జర్నీ కింద రెండు టికెట్లనూ జత చేస్తే, మొదటి బండి ఆలస్యం వల్ల రెండోది తప్పినప్పుడు ఆ రెండో టికెట్ డబ్బులు కోత లేకుండా వెనక్కి వస్తాయి. షరతులున్నాయి. రెండూ కన్ఫర్మ్ అయి ఉండాలి. ప్రయాణికుల పేరు, వయసు రెండింటిలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి, ఒకదానిలో ఇంటి పేరు పూర్తిగా, రెండో దానిలో పొడి అక్షరం ఉంటే జత కుదరదు. మొదటి బండి నిజంగా చేరిన సమయం నుంచి 3 గంటల్లోపు టీడీఆర్ (డబ్బులు వెనక్కి ఇవ్వమనే అర్జీ) వేయాలి. స్టేషన్‌లో టీ తాగుతూనే ఫోన్‌లో వేసేయండి, హోటల్‌కి వెళ్లాక అనుకుంటే గడువు దాటిపోతుంది.

వానాకాలంలో కొండచరియలు పడి కొండ రైలు పూర్తిగా రద్దయితే ఈ-టికెట్ డబ్బులు అడక్కుండానే వస్తాయి. చెన్నై టికెట్‌కి మాత్రం దానితో సంబంధం లేదు, దాన్ని మీరే రద్దు చేసుకోవాలి, మామూలు కోతలతో.

ప్రశ్న (వ్యాసర్పాడి పాఠకుడు): తరచూ సూళ్లూరుపేట వెళ్తుంటాను. రోడ్డు మీద నిలబడి రైల్వే యాప్ రైల్‌వన్‌లో జనరల్ టికెట్ తీస్తున్నా స్టేషన్ పరిధిలో ఉన్నారంటుంది. పైగా మొన్న టికెట్ ఉన్నా అదనంగా డబ్బు కట్టించుకున్నారు. ఇదేం న్యాయం?

మొదటిది ఫోన్ సెట్టింగ్. టీటీఈని చూశాక టికెట్ తీయకుండా స్టేషన్ లోపల బుకింగ్ ఆపేస్తారు. మీరు బయటే ఉన్నా అలా అనడానికి కారణం ఉంది: ఆండ్రాయిడ్ 12 నుంచి లొకేషన్ అనుమతిలో 'ప్రిసైజ్', 'అప్రాక్సిమేట్' అని రెండున్నాయి. రెండోది పెడితే ఫోన్ చెప్పేది సుమారు 3 చదరపు కిలోమీటర్ల ప్రాంతం. సెంట్రల్ ఎదురుగా ఉన్న మీరు లోపలున్నారో బయటున్నారో యాప్‌కి ఎలా తెలుస్తుంది? సెట్టింగ్స్, యాప్స్, రైల్‌వన్, అనుమతులు, లొకేషన్‌లోకి వెళ్లి 'ప్రిసైజ్' ఆన్ చేయండి. అప్పటికే లోపలికి వచ్చేస్తే గోడ మీది క్యూఆర్ స్కాన్ చేసి తీయొచ్చు. కాగితం లేని టికెట్‌ని రద్దు చేయలేరు, స్క్రీన్‌షాట్ చెల్లదు, ఛార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే.

రెండోది, మీరు తీసింది ఆర్డినరీ టికెట్, ఎక్కింది నెల్లూరు వైపు పోయే ఎక్స్‌ప్రెస్ అని మీ ఉత్తరంలోనే ఉంది. తప్పు వాళ్లది కాదు. బండి నంబరు మొదటి అంకె చూడటం అలవాటు చేసుకోండి. 4 అయితే సబర్బన్, 5 ప్యాసింజర్, 6 మెము (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు బండి): వీటికి ఆర్డినరీ చాలు. 1 లేదా 2తో మొదలైతే మెయిల్/ఎక్స్‌ప్రెస్ టికెట్ కావాలి. మొదటి రెండంకెలు 12, 20, 22 అయితే సూపర్‌ఫాస్ట్, సెకండ్ క్లాసుకి ఇంకో 15 రూపాయలు.

ప్రశ్న (మాధవరం పాఠకుడు): అరకు వెళ్తున్నాం. మా ఆవిడ ఆండ్రాయిడ్‌లో 'వేర్ ఈజ్ మై ట్రైన్' నెట్ లేకుండా పనిచేస్తుంది, నా ఐఫోన్‌లో చేయదు. అద్దాల బోగీ కూడా కనిపించడం లేదు.

ఆ యాప్ నెట్ లేనప్పుడు సెల్ టవర్‌ని బట్టి స్టేషన్‌ని అంచనా వేస్తుంది. ఐఫోన్ టవర్ వివరాలను యాప్‌లకు ఇవ్వదు, అంతే. ఆండ్రాయిడ్‌లోనూ లొకేషన్ ఆన్‌లో ఉండాలి. కొత్తవలస–కిరండూల్ లైన్లో 58 సొరంగాలు, లోపలికెళ్తే ఏ ఫోనైనా మూగే.

అద్దాల బోగీకి విశాఖలో పొద్దున్నే బయలుదేరే 58501 తెరిచి, క్లాసుల్లో 'ఈవీ' ఎంచుకోండి. ఏసీ విస్టాడోమ్‌కి రైల్వే కోడ్ అదే. ఛైర్ కార్ అని ఫిల్టర్ పెట్టుకుంటే అది జాబితాలోకే రాదు.