బొమ్మలు వేసేవాళ్లకి పాత కట్టడాల్లో పనుందా?

ప్రశ్న: బీఎఫ్ఏ పెయింటింగ్ చేశాను. నాలుగేళ్లుగా ఒక యాడ్ ఏజెన్సీలో డిజైనర్‌ని, ఆదివారాలు పిల్లలకు డ్రాయింగ్ చెబుతాను. మొన్న స్కెచింగ్‌కని కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి వెళ్లి ఆ గచ్చుపని (సున్నంతో గోడల మీద చేసిన అలంకారాలు) చూసినప్పటి నుంచి ఆఫీసులో మనసు నిలవడం లేదు. ఆర్కిటెక్చర్ చదవకుండా పాత కట్టడాల్ని కాపాడే ఈ రంగంలోకి రావచ్చా సార్? మళ్లీ అయిదేళ్ల డిగ్రీ అంటే ఇంట్లో ఊరుకోరు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: రావచ్చమ్మా. నేనూ బొమ్మల నుంచే వచ్చాను. మొదట పెయింటింగ్, తర్వాత పొట్టకూటికి అగరొత్తుల డబ్బాల మీద లేబుళ్లు, ఆ తర్వాత పాఠాలు చెప్పడం, చివరికి పాత కట్టడాల గోడలు.

ముందు చిక్కు సంగతి చెప్పేస్తాను. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్‌లో రిజిస్టర్ కాకుండా ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోకూడదు. విజయవాడ ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో కట్టడాల పరిరక్షణ మీద ఎం.ఆర్క్ ఉంది గానీ, అది బీ.ఆర్క్ చేసినవాళ్ల దారి. మీకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి: కుడ్యచిత్రాలు, గచ్చు అలంకారాలు, ఉన్నదున్నట్టు కొలిచి గీసే డాక్యుమెంటేషన్. లక్నోలో ఎన్ఆర్ఎల్‌సీ అని పాత కళాసంపద పరిరక్షణకి కేంద్రప్రభుత్వ పరిశోధనశాల ఉంది, వారసత్వ సంపదని కాపాడడానికి 1984లో మొదలైన ఇంటాక్ అనే సంస్థ ఉంది, వీళ్ల శిక్షణ ప్రకటనలు వస్తుంటాయి, అర్హతలు చూసుకుని అప్లై చేయండి. ఒక పాత కట్టడాన్ని కిటికీతో సహా కొలిచి నాలుగైదు షీట్లు గీసి తీసుకెళ్తే మీ యాడ్ పోర్ట్‌ఫోలియో కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

అసలు కష్టం డిగ్రీ కాదు, చేతి అలవాటు. డిజైనర్‌కి ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. నా మొదటి పనిలో ఒక పాత కమాను మీద ఊడిపోయిన గచ్చు పువ్వుని మళ్లీ చేయమన్నారు, నేను కాంపస్ పెట్టి, ఎనిమిది రేకులూ సమానంగా గీసి, రెండు రోజులు కూర్చుని మురిసిపోతూ చేశాను. మేస్త్రీ చూసి, "బాగుంది సార్, కానీ మనది కాదు" అన్నాడు. పక్కనున్న పాత పువ్వుల్ని అప్పుడు దగ్గరగా చూశాను: ఒక రేకు లావు, ఒకటి సన్నం, ఒకచోట ఎవరిదో బొటనవేలి నొక్కు. నాది మిఠాయి డబ్బా మీద పువ్వులా ఉంది! మర్నాడు పొద్దున్నే చెక్కి తీసేశాం.

ఈ విషయంలో చిత్రకారులకి ఇటలీ వాళ్ల పద్ధతి ఒకటి బాగా నచ్చుతుంది. 1939లో రోమ్‌లో మొదలైన పునరుద్ధరణ సంస్థకి తొలి డైరెక్టర్ చేజారే బ్రాందీ. ఆ సంస్థలో పుట్టిన ఈ పద్ధతిని త్రత్తేజ్జో అంటారు. బొమ్మలో రంగు రాలిపోయినచోట సన్నటి నిలువు గీతలతో నింపుతారు, దూరం నుంచి చూస్తే బొమ్మ నిండుగా ఉంటుంది, దగ్గరికి వెళ్తే కొత్త పని ఎక్కడ మొదలైందో గీతలే చెప్పేస్తాయి. పాత కట్టడాల్ని ఎలా కాపాడాలో చెప్పే అంతర్జాతీయ నియమావళి, 1964 వెనిస్ చార్టర్ కూడా ఊహ మొదలైనచోట పునరుద్ధరణ ఆపేయమంటుంది. నా పువ్వు కథ తెలిసి రాశారేమో అనిపిస్తుంది.

మీరు చూసిన సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పనిలో, గత శతాబ్దంలో పూసిన సిమెంటుని ఒలిచి మళ్లీ సున్నం వేయడం పెద్ద భాగం. ఈసారి వెళ్తే స్కెచ్‌బుక్ పక్కన పెట్టి, ఒక్క పువ్వు దగ్గర అరగంట నిలబడండి.

జీతం మొదట్లో తగ్గుతుంది. ఇంట్లో అది దాచకండి. ఉద్యోగం ఉండగానే సెలవుల్లో ఒక సైట్‌లో పదిహేను రోజులు దుమ్ము తిని చూడండి, ఆదివారం క్లాసు మాత్రం మానొద్దు, పిల్లలకి చెబుతుంటే చూపు పదును పోదు.

ప్రశ్న: మా తాతగారి మండువా ఇంట్లో గోడలు మోకాలెత్తు దాకా చెమ్మ పట్టి పెచ్చులూడుతున్నాయి. సిమెంటు పూయించేయమంటున్నారు. పూయించొచ్చా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఆగండి. సున్నపు గోడ లోపలి తడిని బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకి పాకుతుంది, ఉప్పు పట్టి ఇటుక కూడా పొడి రాలుతుంది. ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి: మండువా తూము పూడిందా, ఏటా మట్టి పోసి పెరడు ఇంట్లో నేల కన్నా ఎత్తయిందా? అవి సరిచేసి, ఊడిన పెచ్చులు తీసేసి, ఒక వేసవి మొత్తం గోడని ఎండనివ్వండి. తర్వాత గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతకండి, మీ వైపు పెద్దవాళ్లలో ఇంకా ఉన్నారు.