పొడి బాగానే వచ్చింది, పనిచేయదేం?

ప్రశ్న: ప్రాజెక్టు కోసం సీరియం ఆక్సైడ్ నానో కణాలు చేశాం. అమ్మోనియాతో అవక్షేపించి 500 డిగ్రీల దగ్గర కాల్చాం. లేత పసుపు పొడి, ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్ కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్షలో) 28.5 డిగ్రీల పీక్, అన్నీ సరే. పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ ఉన్న బఫర్ ద్రావణంలో) కలిపి రెండ్రోజులుంచి చూస్తే సూపరాక్సైడ్‌ను (జీవకణాలకు హాని చేసే చురుకైన ఆక్సిజన్ రూపాన్ని) అణచే గుణం లేదు. అగర్ ప్లేటులో బాక్టీరియా కూడా చావలేదు.
— ఎమ్మెస్సీ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: ముందు పీబీఎస్‌ను పక్కనపెట్టండి. సీరియా, అంటే సీరియం ఆక్సైడ్, బలమంతా పైపొరలోని సీరియం అయాన్లు 3+, 4+ ఆవేశాల మధ్య అటూ ఇటూ మారడంలోనే ఉంది. సూపరాక్సైడ్‌ను అణచాలంటే 3+ వాటా ఎక్కువుండాలి. ఫాస్ఫేట్ సరిగ్గా దాన్నే పట్టి బిగించేస్తుంది. ఫాస్ఫేట్ లేని ట్రిస్ బఫర్‌లో, కలిపిన రోజే పరీక్షించండి.

రెండో తప్పు కొలిమిది. 500 డిగ్రీలకు కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, 3+ తగ్గుతుంది. కాల్చకపోయినా సీరియానే వస్తుంది, కాకపోతే పీక్ వెడల్పుగా ఉంటుంది. 100 మి.లీ. నీటిలో 2.17 గ్రాముల సీరియం నైట్రేట్ హెక్సాహైడ్రేట్ కరిగించి, పలచని అమ్మోనియాను చుక్కచుక్కగా పీహెచ్ 10 దాకా వేయండి. తెల్లటి ముద్ద పడుతుంది. గాలి తగిలేకొద్దీ వంగపూత రంగుకు, చివరికి పసుపుకు తిరుగుతుంది. తొందరపడి మధ్యలో వడకట్టేయకండి, రాత్రంతా కలియతిప్పనివ్వండి. డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగుసార్లు కడిగి 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. లెక్క ప్రకారం రావాల్సింది 0.86 గ్రాములే. ఎక్కువొచ్చిందంటే తడో నైట్రేటో మిగిలిందన్నమాట, సంతోషించాల్సిన పనిలేదు.

పీహెచ్ 7 చుట్టుపక్కల ఈ కణాల మీద ఆవేశం దాదాపు ఉండదు, గుమిగూడి అడుక్కి చేరతాయి. సిట్రేట్ గానీ డెక్స్‌ట్రాన్ గానీ పూత ఇవ్వాలి.

ఇక అగర్ సంగతి. నానో కణాలు అందులో పాకలేవు, కాబట్టి చుట్టూ బాక్టీరియా లేని వలయం రాలేదంటే మందు పనిచేయలేదని కాదు. బ్రాత్‌లో (బాక్టీరియా పెంచే ద్రవంలో) పలచన చేస్తూ చూడండి. చివరిసారి కడిగిన నీళ్లను కంట్రోల్‌గా, అంటే పోల్చి చూసేందుకు, పెట్టండి. మిగిలిన అమ్మోనియాకే బాక్టీరియా చచ్చిపోయే సందర్భాలుంటాయి.

ప్రశ్న: కళింగపట్నం నల్ల ఇసుకలో మోనజైట్ ఉందంటారు కదా, సీరియం అందులోంచి తీయకూడదా?
— ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మోనజైట్ అంటేనే ఫాస్ఫేట్. పై ప్రశ్నలో పీబీఎస్ చేసిన పనే అక్కడ ఖనిజంలో జరిగి ఉంది. ఆ కట్టు విప్పాలంటే గాఢ కాస్టిక్ సోడాలో ఉడకబెట్టాలి. విప్పితే సీరియంతోపాటు రేడియోధార్మిక థోరియం బయటికొస్తుంది. మోనజైట్ అణుశక్తి చట్టాల పరిధిలోది. కాలేజీ ల్యాబులో ముట్టుకునేది కాదు. నైట్రేట్ సీసా కొనుక్కోండి.