పాపం ఎవరిది అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలక్కా?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది అచ్చంపేట దగ్గర పల్లె. మా ఆయన హైదరాబాద్‌లో మేస్త్రీ పని చేసేవారు. రెండేళ్ల కింద రెండో అంతస్తు నుంచి పడి వెన్నెముక దెబ్బతింది. నడుము కింద కదలిక లేదు. ఇద్దరు పిల్లలు. నేను పత్తి ఏరడానికి పోతున్నా. మా చర్చి సంఘంలో కొందరు ‘మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది’ అంటున్నారు. ఇంకొందరు ‘ఇందులో దేవునికి ఏదో ఉద్దేశం ఉంది’ అంటున్నారు. రెండు మాటలూ ఒకేలా గుచ్చుకుంటున్నాయి. ఆదివారం పాట మొదలైతే నాకు నోరు రావడం లేదు. నా విశ్వాసం పోయినట్టేనా?
– ఒక చెల్లెలు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం చదవగానే నాకు మొదట వచ్చిన ప్రశ్న విశ్వాసం గురించి కాదు. రాత్రిపూట ఆయనను ఎన్నిసార్లు పక్కకు తిప్పుతున్నావు? ముప్పై ఏళ్లు ఏఎన్ఎం నర్సుగా పల్లెలు తిరిగినదాన్ని, అందుకే ముందు అదే అడుగుతున్నా. రెండు గంటలకోసారి తిప్పాలి. మడమలు, తుంట్లు, నడుము కింది ఎముక దగ్గర రోజూ చూడాలి. ఎర్రబడిన చోట రుద్దొద్దు, అక్కడ బరువు పడకుండా చూడు. ఎరుపు తగ్గకపోతే పుండు పడే దాకా ఆగకుండా ఆసుపత్రిలో చూపించు.

ఇప్పుడు నువ్వు అడిగిన దానికి వస్తా.

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. మా తమ్ముడు అందరు పిల్లల్లాగే పుట్టాడు, చెరువు గట్టు మీద ఉరికాడు. పదేళ్లు దాటాక కాళ్లు వంకర పోయాయి. ముప్పై వచ్చేసరికి వెన్ను బిగుసుకుపోయింది. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఇరుగుపొరుగు మా అమ్మతో ‘ఏ జన్మలో చేసిన పాపమో’ అన్నారు. చర్చిలో మనవాళ్లు జన్మ మాట తీసేసి పాపం మాట ఉంచారు. ఆమె ఎన్ని శుక్రవారాలు ఉపవాసం ఉండి, తాను చేయని తప్పులు కూడా ఒప్పుకుందో నాకు తెలుసు. తర్వాత బోరు నీళ్లు పరీక్ష చేశారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మా బోరులో దానికంటే చాలా ఎక్కువ తేలింది. పాపం ఆ నీళ్లలో ఉంది, మా అమ్మలో కాదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన నల్గొండ పేరే పెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు అమ్మ ఉపవాసాలే గుర్తొస్తాయి.

మీ ఆయన ఎత్తు నుంచి పడ్డారు. ఆ ఎత్తులో నడుముకు బెల్టు, కింద వల ఉండి ఉంటే ఈ ఉత్తరం వచ్చేదే కాదేమో. నిన్ను పాపం అడిగేవాళ్లకు ఈ మాట చెప్పు.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివాడిని చూసి, పాపం ఎవరిదని శిష్యులు అడిగిందీ ఇదే: ‘వీడా, వీని కన్నవారా?’ యేసు ఇద్దరూ కాదన్నాడు. దేవుని క్రియలు వీనియందు ప్రత్యక్షపరచబడుటకే అన్నాడు. ఈ మాట నన్ను చాలా ఏళ్లు బాధపెట్టింది. తన పని చూపించుకోవడానికి దేవుడు ఒక పసివాడి కళ్లు తీస్తాడా? తర్వాత ఒక రాత్రి డ్యూటీలో మళ్లీ చదివితే కింది వచనం కంటపడింది. పగలున్నంతవరకు ఆ క్రియలు ‘మనము’ చేయుచుండవలెను అంటాడు. అని ఊరుకోలేదు, వంగి ఉమ్మితో మట్టి తడిపి ఆ గుడ్డివాడి కళ్లకు పూశాడు. ఎందుకు అనే ప్రశ్న దగ్గర ఆగకుండా చేతులు మట్టిలో పెట్టాడు. ఉద్దేశం అంటే నాకు అప్పటి నుంచి అదే. జరిగిన దెబ్బలో దాన్ని వెతకను. దెబ్బ తగిలినవాడి దగ్గర చేయాల్సిన పనిలో వెతుకుతా.

మా తమ్ముడు రోజంతా అరుగు మీద కూర్చునేవాడు. వచ్చేపోయేవాళ్లు వాడితో రెండు మాటలు మాట్లాడకుండా పోయేవాళ్లు కాదు. ఎవరింట్లో జ్వరమో, ఏ కోడలికి నెలలు నిండాయో నాకంటే ముందు వాడికి తెలిసేది. నోటుబుక్కులో రాసి, ప్రార్థించి, పిల్లగాళ్లతో నాకు కబురు పంపేవాడు. రెండు కాన్పుల్లో ఆ కబురు వల్లనే సమయానికి చేరుకున్నా. వాడి నడుము మాత్రం చివరిదాకా నిటారు కాలేదు.

నోరు రాకపోతే పాడకు చెల్లీ. బైబిల్లో రూతు గ్రంథంలో నయోమి భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుని బేత్లెహేముకు తిరిగొచ్చినప్పుడు ‘నన్ను నయోమి అనక మారా అనుడి’ అంది. మారా అంటే చేదు. అలా అన్నందుకు ఆ గ్రంథంలో ఆమెను ఎవరూ తిట్టలేదు. చివర ఆమె ఒడిలోకి ఒక పిల్లవాడు వచ్చాడు, కానీ పోయిన కొడుకులు తిరిగి రాలేదు. ఆ చేదు మాట బైబిల్లో అలాగే ఉంది. నీ మాట కూడా దేవుడు వినగలడు.

ఇంకోటి. మన తెలుగు బైబిల్లో ఆశకు వాడిన మాట నిరీక్షణ. బయట దానికి అర్థం ఎదురుచూడటం. పాలమూరు ఆడవాళ్లకు దీన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. బొంబాయికి వలసపోయిన మనిషి కోసం ఎదురుచూసే తల్లి ఊరికే కూర్చోదు. బియ్యం చెరుగుతుంది, పిల్లలకు అన్నం పెడుతుంది, మధ్యమధ్యలో తోవ దిక్కు చూస్తుంది. నువ్వు రెండేళ్లుగా చేస్తున్నది అదే. నీ విశ్వాసం పోలేదు.

వైకల్యం ఎంతో చూసి సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపుకు (ఇదివరకు సదరం అనేవాళ్లు) స్లాట్ పెట్టించు. ఆ సర్టిఫికెట్ లేకుండా వికలాంగుల పెన్షన్ రాదు. ఆయనకు లేబర్ కార్డు ఉందేమో వెతుకు, ఉంటే లేబర్ ఆఫీసులో సాయం అడగొచ్చు. స్త్రీల సమాజంలో ‘నా కోసం ప్రార్థించండి’ అని ఆపకు. ‘గురువారం రెండు గంటలు మా ఇంట్లో కూర్చోండి, నేను నిద్రపోతా’ అని అడుగు. ఉద్దేశం గురించి చెప్పిన అక్కలను ముందు అడుగు.

నీ ఉత్తరంలో మీ ఆయన ఏమనుకుంటున్నారో ఒక్క ముక్క లేదు. ఆయన చేతులు బాగున్నాయి, మాట బాగుంది. ఈ రాత్రి పక్కకు తిప్పేటప్పుడు అడుగు. ఆయన చెప్పింది నాకు రాయి.