డిగ్రీ ఇచ్చేది ఎవరో ముందు తేల్చుకోండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది, నీట్‌లో ర్యాంకు రాలేదు. గుంటూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు బీఎస్సీ హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్‌లో చేర్పించమన్నారు. క్లాసులు ఇక్కడే, డిగ్రీ మాత్రం వేరే రాష్ట్రంలోని ప్రైవేట్ యూనివర్సిటీ ఇస్తుందట. 'యూజీసీ గుర్తింపు ఉంది, అమెరికాలో కూడా చెల్లుతుంది' అని పాంప్లెట్‌లో వేశారు. సీటు పోతుందంటే 25 వేలు అడ్వాన్సు కట్టాను. ఇంటర్ మెమో, టీసీ ఒరిజినల్స్ కూడా ఇచ్చేశాను. రసీదు మీద 'కట్టిన ఫీజు వాపసు ఇవ్వబడదు' అని ఉంది. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. ఈ డిగ్రీ చెల్లుతుందా? అసలు ఈ కోర్సుకు మంచి కాలేజీని ఎలా ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మిగతా డబ్బు కట్టకండి. ఈ మాట ముందు చెప్పి తర్వాత వివరాల్లోకి వెళ్తాను.

కోర్సు మంచిదే. ఆసుపత్రిలో రోగుల రికార్డులు, జబ్బులకు, చికిత్సలకు కోడ్ నంబర్లు వేయడం (కోడింగ్), ఇన్సూరెన్స్ క్లెయిముల లెక్కలు, కంప్యూటర్‌లో సమాచారం భద్రంగా ఉంచడం, ఇదంతా ఈ చదువు చదివినవాళ్ల పని. 2021లో పార్లమెంటు వైద్య అనుబంధ వృత్తుల కోసం చేసిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం షెడ్యూల్‌లో పదో విభాగం ఈ వృత్తిదే. 2025లో కేంద్ర ఆరోగ్య శాఖ పది వృత్తులకు కొత్త సిలబస్ విడుదల చేస్తే అందులో ఇదీ ఉంది. కాబట్టి అనుమానం కోర్సు మీద కాదు, దాన్ని మీకు అమ్ముతున్న పద్ధతి మీద.

మన దేశంలో డిగ్రీ ఎవరు పడితే వాళ్లు ఇవ్వడానికి లేదు. 1956 నాటి యూజీసీ చట్టం సెక్షన్ 22 ప్రకారం కేంద్ర చట్టంతో గానీ రాష్ట్ర చట్టంతో గానీ ఏర్పడిన యూనివర్సిటీ, డీమ్డ్ హోదా పొందిన సంస్థ, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థ మాత్రమే ఇవ్వాలి. దీన్ని ఉల్లంఘిస్తే జరిమానా ఎంతో తెలుసా? వెయ్యి రూపాయల వరకు! అంత భయంకరమైన శిక్ష చూసి మోసగాళ్లు ఆగుతారనుకోవడం మన అమాయకత్వం. అందుకే జాగ్రత్త మనమే పడాలి.

మీ విషయంలో ఆ యూనివర్సిటీ నిజమైనదే కావచ్చు, యూజీసీ జాబితాలో దాని పేరు ఉండవచ్చు కూడా. చిక్కంతా 'క్లాసులు ఇక్కడే' అన్న మాట దగ్గర ఉంది. ఒక రాష్ట్ర శాసనసభ చేసిన చట్టంతో పుట్టిన యూనివర్సిటీ తన రాష్ట్రం ఎల్లలు దాటి పక్క రాష్ట్రంలో నడవకూడదని 2005లో సుప్రీంకోర్టు ప్రొఫెసర్ యశ్‌పాల్ కేసులో తేల్చింది. రాష్ట్ర ప్రైవేట్ యూనివర్సిటీలకు బయటి కాలేజీలను తమకు అనుబంధంగా చేర్చుకునే అధికారమూ లేదు. 'యూజీసీ గుర్తింపు' అనేది ఎక్కడో ఉన్న ఆ యూనివర్సిటీకి. గుంటూరులో అద్దె బిల్డింగులో నడిచే సెంటర్‌కు అది అంటదు. పెళ్లికొడుకు ఆస్తి చూపించి వేరేవాడికి పిల్లనడిగినట్టుంది ఈ వ్యవహారం.

'పోనీ, ఇక్కడ చదివి డిస్టెన్స్ కింద పరీక్ష రాయిస్తాం' అంటారేమో, దానికీ ఒప్పుకోకండి. ఆ 2021 చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను డిస్టెన్స్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని, 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి యూజీసీ ఆపేసింది.

అమెరికా మాట కూడా చూద్దాం. అక్కడ ఈ రంగంలో పేరున్న ఆర్‌హెచ్‌ఐఏ పరీక్ష రాయాలంటే మామూలుగా కాహిమ్ అనే సంస్థ గుర్తించిన కోర్సులో డిగ్రీ ఉండాలి. ఆ గుర్తింపు కాగితం చూపించమని అడగండి, సమాధానం ఎలా వస్తుందో మీకే తెలుస్తుంది. అమీర్‌పేటలో నేర్పే మెడికల్ కోడింగ్ వేరు. దాని సీపీసీ పరీక్షకు ఈ డిగ్రీయే ఉండాలన్న షరతు లేదు. మూడు నాలుగేళ్ల ఫీజు తీసుకుని చివరికి ఆ కోడింగే నేర్పి పంపే చోట్లు ఉన్నాయి, అందుకే చేరకముందే సిలబస్ చేతిలో పెట్టుకుని చదవండి.

ఇక కాలేజీ ఎంపిక. బిల్డింగు, ఏసీ ల్యాబు తర్వాత చూడవచ్చు. సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉంటుందో మొదట అడగండి. మన రాష్ట్రంలో విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ ఉన్నాయి. కాలేజీ వాటి కింద ఉందంటే అఫిలియేషన్ (అనుబంధ గుర్తింపు) ఆర్డరు కాపీ అడగండి. అందులో ఈ కోర్సు పేరు, ఈ విద్యా సంవత్సరం, సీట్ల సంఖ్య మూడూ ఉండాలి. కాలేజీకి అఫిలియేషన్ ఉన్నంత మాత్రాన ఈ కోర్సుకు ఉన్నట్టు కాదు. కొత్తగా పెట్టిన కోర్సైతే, ఆ 2021 చట్టం కింద ఉండే రాష్ట్ర అలైడ్ కౌన్సిల్ అనుమతి కూడా అడగాలి. తర్వాత, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, ఆ ఆసుపత్రితో రాతపూర్వక ఒప్పందం ఉందా? మెడికల్ రికార్డుల విభాగం మొహం చూడకుండా ఈ డిగ్రీ చదివితే ఈత పుస్తకంలో నేర్చుకున్నట్టే. అఫిలియేషన్ నిజమో కాదో తేల్చుకోవడానికి కాలేజీ మాట చాలదు, యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు మీరే ఒక స్పీడ్ పోస్టు పంపండి, రసీదు దాచుకోండి.

మీ డబ్బు సంగతి. రసీదు మీద వాపసు లేదని అచ్చు వేసుకుంటే అదే చట్టమైపోదు. నిజం దాచి ఒప్పించిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కాంట్రాక్టు చట్టంలో ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదని 2018లో యూజీసీ కాలేజీలకు స్పష్టంగా చెప్పింది. అదే నోటిఫికేషన్‌లో, అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే మానుకుంటే ప్రాసెసింగ్ కింద 5 శాతానికి మించకుండా, అదీ 5 వేలు దాటకుండా పట్టుకుని మిగతాది ఇవ్వాలని ఉంది. ఈ సెంటర్ 'మేము అసలు కాలేజీయే కాదు' అని తప్పించుకోజూస్తే మీకే మేలు, పాంప్లెట్‌లో చెప్పుకున్న గుర్తింపు తమకు లేదని వాళ్లే ఒప్పుకున్నట్టు. ఆ ముక్క రాతపూర్వకంగా తీసుకోండి.

కన్స్యూమర్ కమిషన్‌కు వెళ్లవచ్చా అంటే, చదువు సరుకు కాదు, విద్యార్థి వినియోగదారుడు కాదు అని 2010లో మహర్షి దయానంద్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు అంది. అవతలి లాయరు ముందు దీన్నే తీస్తాడు. కానీ అంతకు ముందు ఏడాదే బుద్ధిస్ట్ మిషన్ డెంటల్ కాలేజీ కేసులో, లేని అఫిలియేషన్, లేని గుర్తింపు ఉన్నట్టు ప్రకటన ఇచ్చి పిల్లలను చేర్చుకున్న కాలేజీ నష్టపరిహారం కట్టాల్సిందేనని అదే కోర్టు అంది. మీ పాంప్లెట్ దీనికి దగ్గరగా ఉంది, పారేయకండి. మీరు కట్టిన మొత్తానికి జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో ఫీజు ఏమీ లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు వేయాలి. మోసం చేయాలన్న ఉద్దేశం కాగితాల్లో కనబడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వవచ్చు. అయితే దాన్ని మొదటి రోజే వాడమని నేను చెప్పను. కేసు పెట్టగానే అవతలివాళ్లు మెమో, టీసీ పట్టుకుని బేరం మొదలుపెడతారు.

అందుకని ముందు సర్టిఫికెట్లు బయటకు తెచ్చుకోండి. 'వేరే కౌన్సెలింగ్‌లో వెరిఫికేషన్‌కు కావాలి' అని ఒక్క వాక్యం రాసిచ్చి అడగండి, అకనాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. అవి ఇంటికి చేరాక 25 వేల కోసం నోటీసు రాద్దాం.