లూ జిషెన్ పిడికిలి కంటే ఆయన బల్లే గొప్పది

‘చైనా ప్రాచీన నవల షుయ్‌హు జువాన్‌లోని లూ జిషెన్ ఉత్త కోపిష్ఠి, తాగుబోతు కదా, ఆయనను వీరుడని ఎందుకంటారు?’ అని అడిగారు. కోపం, తాగుడు రెండూ నిజమే. అయినా ఆ నవలలో లియాంగ్‌షాన్ కొండను స్థావరం చేసుకున్న తిరుగుబాటు వీరులు 108 మందిలో సాయాన్ని ఆయనలా చివరిదాకా చేసినవాడు మరొకడు లేడని నా నమ్మకం.

మూడో అధ్యాయం చూడండి. అప్పటికి ఆయన ఇంకా సన్యాసి కాదు, వెయ్‌జౌ దండులో లూ దా అనే అధికారి. స్నేహితులతో తాగుతూ ఉండగా పక్కగదిలోంచి ఏడుపు వినబడుతుంది. కసాయి జెంగ్ 3,000 దండల నాణేలకు పత్రం రాసి, ఒక్క కాసు కూడా ఇవ్వకుండా ఒక పేదపిల్లను ఉంచుకున్నాడు. భార్య ఆమెను వెళ్లగొట్టాక, తానివ్వని సొమ్మునే తిరిగి కట్టమని పీడిస్తున్నాడు. లూ దా తన 5 లియాంగ్‌ల (లియాంగ్ ఒక తూకపు కొలత) వెండికి, స్నేహితుడు షీ జిన్ దగ్గర అడిగి తీసుకున్న 10 కలిపి ఆ తండ్రీకూతుళ్లకు ఇస్తాడు.

మర్నాడు వేకువనే సత్రానికి వెళ్లి, అడ్డుపడిన పనివాడిని కొట్టి, వాళ్లను సాగనంపుతాడు. వాడు వెంటపడతాడేమోనన్న అనుమానంతో ఒక బల్ల లాక్కుని సుమారు నాలుగు గంటలు అక్కడే కూర్చుంటాడు. ఆ తర్వాతే జెంగ్ కొట్టుకు వెళ్లి, కొవ్వు లేని మాంసం 10 జిన్‌లు (జిన్ అంటే అరకిలో పైచిలుకు) స్వయంగా సన్నగా కొట్టి ఇమ్మంటాడు. అది కయ్యానికి కాలు దువ్వడమేనని అందరూ అంటారు గానీ, పారిపోతున్నవాళ్లకు మరికొంత వ్యవధి దొరకాలనే అలా చేశాడని నేనంటాను. కబురు చెప్పడానికి పరుగున వచ్చిన సత్రం పనివాడు, ఆయన అక్కడ కూర్చుని ఉండడం చూసి దగ్గరకు రాలేక దూరాన చూరు కింద నిలబడిపోతాడు.

ఈ ఘట్టం విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. రోజువారీ వడ్డీ వ్యాపారి వేధింపులు పడలేక మా వీధిలోని ఒకావిడ పుట్టింటికి వెళ్లిపోతానంటే, బస్సు ఛార్జీలు ఆమె చేతిలో పెట్టి నా పని అయిపోయిందనుకుని ఇంటికి వచ్చేశాను. బస్టాండులో ఆ వ్యాపారి మనిషి ఆమెను అడ్డగించాడు. సాయంత్రం అదే గుడ్డసంచితో, తల వంచుకుని ఆమె మా గుమ్మం ముందు నుంచి తిరిగి నడిచి వెళ్లింది. నేను చదివిన సంక్షిప్త కథలన్నింటిలో జెంగ్‌ను చంపిన మూడు గుద్దులు, లూ జిషెన్ పెకలించిన విల్లో చెట్టు, ఆయన 62 జిన్‌ల దండం ఉన్నాయి గానీ ఆ బల్ల మాత్రం లేదు. దాన్ని కత్తిరించడం అన్యాయం.

శిక్షపడి త్సాంగ్‌జౌకు ప్రవాసం వెళ్తున్న స్నేహితుడు లిన్ చోంగ్ విషయంలోనూ లూ జిషెన్ తీరు ఇదే. అడవిపందుల అడవిలో, అతన్ని చంపడానికి లంచం తిన్న కావలి భటుల దెబ్బ నుంచి లిన్ చోంగ్‌ను కాపాడిన తర్వాత కూడా వదిలిపెట్టకుండా చాలా రోజులు వెంట నడుస్తాడు. త్సాంగ్‌జౌ ఇంకా 70 లీల (లీ అంటే సుమారు అర కిలోమీటరు) దూరం ఉందనగా, ముందున్న దారి పొడవునా ఇళ్లేనని, మనుషులు లేని చోటు ఎక్కడా లేదని వాకబు చేసి రూఢి చేసుకున్నాకే వెనుదిరుగుతాడు.