దుంగల వాసన ఏదమ్మా?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఫ్రాంటిషెక్ డిట్రిఖ్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1865లో ప్రాగ్‌లో స్టీమర్ల కంపెనీ పెట్టాడు, 1870 నుంచి 1873 దాకా ఆ ఊరి మేయరుగా చేశాడు. అంతా సరే, మనిషేడీ? శిలాఫలకం చదివినట్టుంది. నా మొదటి వ్యాసమూ ఇంతే. సంపాదకుడు 'చిరస్మరణీయం' అన్న మాట కనబడ్డ చోటల్లా ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపాడు.

'ప్రముఖ వ్యాపారవేత్త' అన్నావు. ఏం వ్యాపారం? కలప. ఆ మాట తీసుకెళ్లి రెండో పేజీ అడుగున పడేశావు. ప్రాగ్‌లో పారే వల్తావా నది ఒడ్డున పొద్‌స్కాలీ అనే పేట, అంటే 'కొండరాతి కింద' అని. ఎగువ అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి, ఏటివాలున నడుపుకుంటూ అక్కడికి చేర్చేవాళ్లు. ఒడ్డంతా అడితులే. చలికాలంలో ఏరు గడ్డకడితే ఆ పేటవాళ్లే రంపాలు పుచ్చుకుని మంచు దిమ్మలు కోసి, బీరు కాచేవాళ్లకి అమ్ముకునేవాళ్లు. పక్కనే వీతోన్ దగ్గర సుంకపు ఇల్లు. పాతరోజుల్లో అక్కడ సుంకం కింద తెప్పలోంచి కొంత కలపే కోసుకునేవాళ్లట. ఆ కోతే ఆ చోటికి పేరయింది. ఆ ఇల్లు ఇంకా ఉంది, ఇప్పుడు మ్యూజియం. దీన్ని వదిలేసి మేయరు కుర్చీతో ఎత్తుకున్నావేమిటి?

ఇక్కణ్ణించి చూస్తేనే 1865 అర్థమవుతుంది. తెప్పకి వాలే తప్ప ఎదురు తెలీదు. ఒడ్డు చేరాక దాన్ని విప్పేస్తారు, తెప్పలవాడు కాలినడకన ఇంటిదారి పడతాడు. అలాంటి ఏటి మీద పైకీ కిందికీ తిరిగే పడవలు నడపాలని ఓ కలప వర్తకుడు పూనుకోవడం చిన్న సంగతా? నువ్వు 'దూరదృష్టి' అని ఒక్క మాటతో చుట్టేశావు. అన్నట్టు, ఆయనదే తొలి స్టీమరు అనకు. 1841లోనే 'బొహీమియా' ఆ ఏట్లో దిగింది. అయితే డిట్రిఖ్ కంపెనీ పడవలు ఇవాళ్టికీ తిరుగుతున్నాయి, ఆ వాక్యం ఉంచు.

వల్తావాని 'ప్రాగ్ గోదావరి' అన్నావు చూడు, అది కొట్టెయ్. ఆ ఏటికి దాని పేరుంది.

1872 మే నెల నీ వ్యాసంలో లేనే లేదు! ఆ నెలాఖరున బెరౌంకా పొంగి రెండొందల మందికి పైగా పోయారు. ఆ నది ప్రాగ్‌కి కాస్త ఎగువన వల్తావాలో కలుస్తుంది, వరద నగరానికీ వచ్చింది. అప్పుడు మేయరు మన కలప వర్తకుడే. ఆయన ఏమనుకున్నాడో కల్పించకు. నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో, అడితులు ఏమయ్యాయో ఆనాటి పత్రికల్లో వెతుకు.

ముందు ఆ ఒక్క పేజీ రాసి పంపు. పదవుల జాబితా తర్వాత చూసుకుందాం.

మీ మాస్టారు